షాష్ కట్టే ఇబాదో

మా బురావో ఊళ్ళో పెళ్ళయ్యాక ఏడు రోజులు పెళ్ళికూతురు గడప దాటదు. ఏడో రోజు మధ్యాహ్నం ఆడవాళ్ళంతా చేరి, డప్పులు వాయించి, పాటలు పాడి, ఆమె తలకు షాష్ కడతారు. అంతవరకూ జడలు కనబడేలా తిరిగిన పిల్ల ఆ పట్టుగుడ్డ తలకెక్కాక ఇల్లాలు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా పేటలో ఆ గుడ్డ కట్టే చేతులు ఇబాదోవే. మామూలుగా ఆమె పెద్దగా మాట్లాడేది కాదు. పాట అందుకుందంటే మాత్రం పొయ్యి దగ్గరున్నవాళ్ళు కూడా గరిటె వదిలేసి వచ్చేవాళ్ళు.

ఆమెకు మాత్రం షాష్ కట్టినవాళ్ళు లేరు.

ఎనభై ఎనిమిది మే నెలలో ఆమె పెళ్ళి జరిగింది. అప్పటికి పందొమ్మిదేళ్ళు. భర్త గులేద్ లారీలు బాగుచేసేవాడు. అయిదో రోజు పొద్దున ఇద్దరూ టీ తాగుతుండగా ఊళ్ళో సైన్యానికీ తిరుగుబాటుదారులకీ పోరు మొదలై తుపాకుల చప్పుడు వినబడింది. గులేద్ తల్లి ఆవో ఎండిన ఏటికి అవతల ఒంటరిగా ఉండేది.

"అమ్మను తీసుకొచ్చేస్తా. గడియ పెట్టుకో," అంటూ లేచాడు గులేద్.

"ఏడు రోజులు నేను గడప దాటకూడదు, నువ్వు దాటొచ్చా?" ఇబాదో నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"అమ్మ కదే," అన్నాడు. వెళ్ళాడు.

ఆ రోజూ మర్నాడూ ఆమె గడియ తీయలేదు. మూడో రోజు గులేద్ వదిన ఖద్రా వచ్చి తలుపు బాదింది. చంకలో ఒక పిల్ల, వెనక ఇద్దరు. "ఊరంతా ఖాళీ అయిపోయిందే. ఇంకెవరి కోసం కూర్చున్నావు? లే!"

సరిహద్దు వైపు ఆరు రోజులు నడిచారు. ఇబాదో ఏడో రోజు ఆ దారిలోనే ఎక్కడో గడిచిపోయింది, ఎవరికీ గుర్తు లేదు. ఖద్రా తన పిల్లలకు నీళ్ళు తాగించి, మిగిలిన గుక్కెడు ఇబాదోకి ఇచ్చేది. "తాగవే. నీ చేతుల మీద గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. నువ్వు పోతే నా మరిదికి నేనేం చెప్పుకోను?"

సరిహద్దు అవతల శరణార్థుల శిబిరానికి చేరిన నెలకు ఆవో వచ్చింది. కాల్పులు మొదలైన పూటే పొరుగువాళ్ళు ఆమెను బండెక్కించి తీసుకుపోయారట. గులేద్ చనిపోయాడన్న కబురు ఆమే తెచ్చింది. ఏటి ఒడ్డున పడి ఉంటే ఎవరో దారినపోయేవాళ్ళు పూడ్చిపెట్టారు.

"ఇంట్లో పడుండక ఎందుకెళ్ళాడే వాడు బయటికి? కొత్త పెళ్ళానివి, ఆపలేకపోయావా?" అని అరిచింది ఆవో.

ఇబాదో ఆమె ముఖం చూసింది. కొడుకు తన కోసమే వచ్చి పోయాడని తెలిస్తే ఈ మనిషి బతకదనుకుంది.

"రొట్టెలు అయిపోయాయత్తా. తేవడానికి వెళ్ళాడు," అంది.

మొగుడు పోయినవాళ్ళ ఆచారం ప్రకారం నాలుగు నెలల పది రోజులు తెల్లబట్టల్లో ఉంది. అవీ పిండి సంచులు విప్పి కుట్టుకున్నవే. గడువు తీరాక పెద్దమనుషులు వచ్చారు. పోయినవాడి భార్యను అన్నదమ్ములలో ఒకరు చేసుకోవడం మాలో ఉన్నదే. గులేద్ అన్న హిర్సీ, అంటే ఖద్రా మొగుడు, సరేనన్నాడు. ఖద్రా కూడా తల వంచుకుని సరేనంది.

ఇబాదో ఒప్పుకోలేదు. "దారిలో ఆమె నాకు తన వంతు నీళ్ళు పోసింది. ఆమెకు సవతిగా పోను," అంది.

ఆవో అందరి ముందూ లేచి నిలబడింది. "నీ రొట్టెల కోసం ఒక కొడుకును మింగావు. ఉన్న కొడుకు నీకు ఆనడం లేదా? నువ్వు మా కోడలివి కావు. ఏడు రోజులు నిండనిదానివి, షాష్ లేనిదానివి, ఎవరి కోడలివే?"

ఆ తరువాత ఆవో ఆమెతో మాట్లాడటం మానేసింది. ఇబాదో తనే ఒక నల్లగుడ్డ తలకు చుట్టుకుని, గుడారాల చివరి వరుసకు మారిపోయింది.

ఆ శిబిరంలో మరుసటి ఏడాది ఒక పెళ్ళి జరిగింది. ఏడో రోజున పిల్ల తల్లి గుడ్డయితే సంపాదించింది గానీ పాడేవాళ్ళు దొరకలేదు. అందరి ఇళ్ళలోనూ చావులే. నీళ్ళ తొట్టి దగ్గర బట్టలు ఉతుకుతున్న ఇబాదోకి ఆ తల్లి ఏడుపు వినబడింది. తడి చేతులతోనే లేచి వెళ్ళింది. ఖాళీ రేకు డబ్బా తెప్పించి, దాన్నే డప్పుగా కొట్టమంది.

"ఇల్లు లేదని ఏడవకమ్మా, నీ తల మీదిదే నీ ఇంటి కప్పు;
నాలుగు కొసలూ మేం పట్టుకున్నాం, ఏ గాలికీ ఎగిరిపోదు."

ఆడవాళ్ళు తలా ఒక కొస పట్టుకున్నారు. ఏడుస్తూనే పాడారు. ఆ రోజు మొదలు ఎవరింట పెళ్ళయినా ఇబాదోనే పిలిచేవారు.

ఊరు కుదుటపడ్డాక అందరూ తిరిగొచ్చారు. ఇబాదో మా వీధిలో ఒక గది తీసుకుని, సాంబ్రాణిలో చక్కెర, అత్తరు కలిపి వండి అమ్ముకునేది. ఆవో మూడు వీధుల అవతల హిర్సీ ఇంట్లో ఉండేది. బజారులో ఎదురుపడితే ముసలామె తల తిప్పుకునేది, ఇబాదో పక్కకు జరిగి దారి ఇచ్చేది. అలా పదిహేనేళ్ళు గడిచాయి. సంబంధాలు వస్తే ఇబాదో వద్దనేది. కారణం చెప్పేది కాదు.

అప్పుడు నా పెళ్ళి వచ్చింది.

ఏడో రోజు మధ్యాహ్నం నన్ను చాప మీద పీట వేసి కూర్చోబెట్టారు. సాంబ్రాణి పొగకుండ వెలిగింది. వచ్చిన ఆడవాళ్ళు తెచ్చిన షాష్‌లు నా పక్కన కుప్పగా ఉన్నాయి. ఇబాదో నా జుట్టు పాయలు తీసి, పాట అందుకోబోతోంది. అంతలో నా అత్తగారి అక్క సాదో చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. ఈవిడకు షాష్ ఎవరు కట్టారు?"

డప్పు ఆగింది.

"అడిగిందానికి చెప్పండి. తన తలకు కట్టించుకోనిది మా కోడలి తలకు ఎలా కడుతుంది? పాడమనండి, కాదనను. గుడ్డ మాత్రం ముట్టనివ్వను."

మా అమ్మ ముఖం పాలిపోయింది. "వదినా, పేటలో పిల్లలందరికీ ఆవిడే..." అని ఏదో అనబోయింది.

"మీ పేట సంగతి మీది. మా పిల్లవాడి ఇంటికి మంచి జరగొద్దా?"

ఇబాదో నా జుట్టు వదిలేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మూల నుంచి దగ్గు వినబడింది. ఖద్రాతో కలిసి వచ్చిన ఆవో గోడ పట్టుకుని లేస్తోంది. ఈవిడా ఒక రాయి వేస్తుంది కాబోలనుకున్నాను.

"సాదో," అంది ముసలామె, "నా కొడుకు ఎందుకు చచ్చాడో తెలుసా నీకు?"

"పాత సంగతులిప్పుడెందుకమ్మా..."

"నోర్ముయ్. నన్ను తీసుకుపోదామని వచ్చి చచ్చాడు. నా ఇంటి తలుపు కొట్టాడు. నేను అప్పటికే ఊరు దాటిపోయాను. వాడు నన్ను పిలవడం చూసిన మనిషి మేం తిరిగొచ్చాక చెప్పాడు. ఈ పిల్ల మాత్రం రొట్టెల కోసం వెళ్ళాడని చెప్పింది. ఎందుకో అప్పుడు తెలీలేదు. నేను తిట్టిన తిట్లన్నీ పడింది, ఒక్క మాట ఎదురు చెప్పలేదు. సంగతి తెలిసి ఎనిమిదేళ్ళు. దీని ముఖం చూసే ధైర్యం లేక తల తిప్పుకుని తిరిగాను."

ఆవో వచ్చి కుప్పలోంచి పసుపురంగు షాష్ ఒకటి లాగింది. "కిన్సీ, నీ గుడ్డల్లో ఒకటి తీసుకుంటున్నానే," అంది నాతో. నేను తలూపాను.

ఇబాదో నల్లగుడ్డ విప్పింది ఆవో. అప్పటికే జుట్టు సగం నెరిసింది. ముసలి చేతులకు ముడి పడలేదు. ఖద్రా వచ్చి ఒక కొస పట్టుకుంది, తరువాత మా అమ్మ. నాలుగో కొస ఖాళీగా ఉంటే సాదో కాసేపు చూసి, కళ్ళు తుడుచుకుంటూ తానే వచ్చి పట్టుకుంది.

"పాట ఎవరు పాడతారు?" అని ఎవరో అడిగారు.

"పాటలు నాకేం వచ్చు? నా కోడలికి షాష్ కట్టాను, అల్లా సాక్షి. అంతే," అంది ఆవో.

ఇబాదో ఆమె మోకాళ్ళు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తరువాత ముఖం కడుక్కుని వచ్చి నాకు కట్టింది. ఆ రోజు గొంతు బొంగురుపోయి పాట సరిగా పలకలేదు. ఆ విషయం ఎవరూ ఎత్తలేదు.

ఆవో ఇంకో మూడేళ్ళు బతికింది. చివరి ఏడాది చూపు పోయాక ఇబాదో గదికే వచ్చి ఉంది. టీలో పంచదార చాలదని రోజూ గొణిగేది. పోయిన రోజు కోడళ్ళిద్దరూ కలిసి స్నానం చేయించారు. తరువాత మూడు రోజులు ఇబాదో సాంబ్రాణి పొయ్యి వెలిగించలేదు. నాలుగో రోజు పొరుగు వీధి పెళ్ళివాళ్ళు వచ్చి, ఈ స్థితిలో పిలవాలా వద్దా అని గుమ్మంలో తటపటాయిస్తూ నిలబడ్డారు.

"పిల్ల పేరేమిటి?" అని అడిగి, చెప్పులు వేసుకుంది ఇబాదో.