అమావాస్య నాటి తాళం చెవులు

ఏడాది చదువు కోసం ఇటలీ వెళ్తూ మా మనవరాలు మొన్న బొలోన్యా ఊళ్లో అద్దె ఇల్లు కుదుర్చుకుంది. తాళాలు తీసుకునే రోజు అమావాస్య అయిందని నేను గొణుగుతుంటే విని, నా ఎదుటే ఆ ఇంటావిడకు ఉన్నమాట రాసి పంపేసింది, మా అమ్మమ్మ ఆ రోజు వద్దంటోంది, వేరే రోజు వస్తాను అని. నాకు తల కొట్టేసినట్టయింది. కాసేపటికే జవాబొచ్చింది; వాళ్ల వైపు కూడా మంగళవారం, శుక్రవారం ప్రయాణం కట్టరట, గురువారం రమ్మంది. మనవరాలు తన ఐరిష్ యాసలో "సీ, అమ్మమ్మా? గ్రాండ్!" అంటూ లేచి వెళ్లిపోయింది. నాకు మాత్రం పాత సంగతొకటి గుర్తొచ్చింది.

ఇది ఆ పిల్ల ఇంకా కడుపులో ఉన్నప్పటి మాట. పురిటికి సాయంగా నేను మొదటిసారి ఐర్లండ్ వచ్చాను. ములింగార్‌లో అమ్మాయీ అల్లుడూ ఒకరింట్లో గది తీసుకుని సర్దుకుంటున్నారు. పసిబిడ్డ వస్తే కుదరదని ఆ ఇంటివాళ్లు ముందే చెప్పేశారు. ఇల్లు దొరకడం అప్పుడూ కష్టమే. చివరికి భర్త పోయిన ఒక పెద్దావిడ, అమ్మాయి కడుపు చూసి కాబోలు, వచ్చినవాళ్లందరినీ కాదని తన రెండో ఇల్లు మాకిస్తానంది. శుక్రవారం వచ్చి సంతకం పెట్టి తాళాలు తీసుకోమంది.

ఆ శుక్రవారం పెద్దల అమావాస్య. తిథీ వారం విషయంలో నేనెంత మొండిదాన్నో నా ఈడువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నిండు చూలాలిని అమావాస్య నాడు కొత్త గడప తొక్కనివ్వనన్నాను. మర్నాడు పాడ్యమి, పైగా శనివారం స్థిరవారం, ఆ రోజే పోదామన్నాను. అల్లుడు తల పట్టుకున్నాడు. "అత్తయ్యగారూ, ఇక్కడ అమావాస్య అంటే నవ్వుతారండీ." "అయితే నాకు ఒంట్లో బాగాలేదని చెప్పు బాబూ," అనేశాను, మజ్జిగలోకి ఉప్పు అడిగినంత తేలిగ్గా. ఫోనులో శనివారం అనేసరికి ఆవిడ కాస్త తటపటాయించి, నాకు ఏం పడుతుందో, ఏం తింటానో కనుక్కుని, సరేనందట.

శుక్రవారం మధ్యాహ్నం నేను గిన్నెలకు పాత చీరలు చుట్టి పెట్టెల్లో సర్దుతుంటే, మూతపెట్టిన గిన్నె పట్టుకుని ఆవిడ వస్తూ కిటికీలోంచి కనిపించింది. అమ్మాయి తలుపు తీసేలోపు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి; గబగబా మంచమెక్కి, తలకు తువ్వాలు చుట్టుకుని, గొంతు దాకా రగ్గు లాక్కున్నాను. ఆవిడ నేరుగా నా దగ్గరికొచ్చి నుదుటి మీద చేయి వేసింది. చలిగాలిలో నడిచొచ్చిన చేయి, మంచుముక్కలా ఉంది. నా ఒంట్లో జ్వరం లేదని ఆ చేతికి తెలిసిపోయింది. ఒకసారి నా మొహంలోకి, ఒకసారి సగం సర్దిన పెట్టెల్లోకి చూసి, రగ్గు సరిచేసి, మాంసం వేయని సూపేనని, వేడిచేసి పెట్టమని అమ్మాయికి చెప్పి వెళ్లిపోయింది. ఇల్లు పోయినట్టేనని అల్లుడు ఆ పూట అన్నం ముట్టలేదు.

శనివారం మేం వెళ్లేసరికి ఆవిడ ఇల్లంతా వెచ్చజేసి గుమ్మంలో నిలబడి ఉంది. తాళాలు అమ్మాయి చేతిలో పెడుతూ నవ్వుతూనే చెప్పింది, శనివారం చేరినవాళ్లు ఆ ఇంట్లో నిలవరని వాళ్ల నమ్మకమట, వాళ్లమ్మ బతికుండగా ఎవరినీ శనివారం ఇల్లు మారనిచ్చేది కాదట. ఒంట్లో బాగాలేని పెద్దదాని కోసం పోనీలే అనుకుందట. అల్లుడు నాకు తెలుగులో చెబుతూ చెబుతూ తలొంచుకున్నాడు. నవ్వుతుందేమోనని ఎవరి దగ్గర నా అమావాస్యను దాచానో, ఆవిడ నా అబద్ధం కోసం తన తల్లి మాట దాటింది.

పిల్లలు ఆ ఇంట్లో తొమ్మిదేళ్లున్నారు. నా స్థిరవారమే గెలిచిందని చెప్పుకోవచ్చు గాని, నాకెప్పుడూ అలా అనబుద్ధి కాలేదు. నేను వచ్చినప్పుడల్లా ఆవిడ పలకరించడానికి వచ్చేది, ఒంట్లో ఎలా ఉందని అడిగేది, నేను బాగుందనేదాన్ని. తర్వాత మావాళ్లు ఈ డ్రోహెడా ఊరు వచ్చేశారు. ఆవిడ ఇప్పుడు లేదు.

మనవరాలికి తెలుగు తిథులు రావు, అమావాస్య అంటే చంద్రుడు కనిపించని రోజని మాత్రమే తెలుసు. అయినా ముక్కూ మొహం తెలియని మనిషికి ఒక్క ముక్కలో ఉన్నమాట చెప్పి, మంచి రోజు అడిగి పుచ్చుకుంది. నేనేమో జీవితమంతా అన్నిటికీ మంచి రోజులు పెట్టుకుంటూ వచ్చినదాన్ని, ఆవిడతో నిజం చెప్పడానికి తొమ్మిదేళ్లలో ఒక్క రోజూ చూసుకోలేకపోయాను.