నుర్లాన్ రొట్టె

వెల్లింగ్టన్ వెళ్లే రైల్లో నా పక్కన కూర్చున్న నుర్లాన్‌ది కిర్గిజిస్తాన్. ఒళ్లో బుట్ట, దాని నిండా గుండ్రటి రొట్టెలు. శనివారం సంతలో ఆ రోజే దుకాణం మొదలుపెడుతున్నాడు. ఎవరైనా కొంటారో లేదోనని బెంగగా ఉందన్నాడు. ఒక రొట్టె తుంచి ఓ ముక్క నా ముందు పెట్టాడు.

"వద్దండీ, ఇప్పుడే తిన్నాను," అన్నాను. నిజానికి కాఫీ తప్ప ఏమీ తీసుకోలేదు. మనవాళ్లయితే ఇంకోసారి బతిమాలతారు. అతను బతిమాలలేదు.

ఆ ఇబ్బంది కప్పిపుచ్చుకోవడానికి ఎక్కడో చదివిన ముక్క ఒకటి వదిలాను. "రష్యా వెళ్లినవాళ్లు పంపే డబ్బుతోనే మీ దేశం నడుస్తుందట కదా?"

"మా ఊళ్లో సగం ఇళ్లు అలా లేచినవే. మరి మీ ఊళ్లో, బ్రదర్?"

మా తెనాలి వీధిలోని డాబాలన్నీ కళ్లముందు మెదిలాయి. అందులో ఒకటి నేను పంపిన డబ్బుతో లేచిందే. జాలి పడబోయినందుకు సిగ్గేసింది.

"మాదీ అంతే," అన్నాను. ఇద్దరం నవ్వేశాం.

వెల్లింగ్టన్‌లో దిగబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "రొట్టె ముందుకొచ్చాక ఒక్క ముక్కైనా నోట్లో వేసుకోకుండా లేవకూడదు. మా పద్ధతి. పొట్ట ఎంత నిండినా సరే!"

నోట్లో వేసుకున్న ముక్క ఇంకా వెచ్చగానే ఉంది. మొహమాటం వదిలేసి రెండోదానికి చెయ్యి చాచాను.

నుర్లాన్ మొహం వెలిగిపోయింది. "కడుపు నిండినవాడే రెండోది అడిగాడంటే ఇక నా దుకాణానికి భయం లేదు!"

నా ఖాళీ కడుపు సంగతి రొట్టెముక్కతో పాటే మింగేశాను.