లిఫ్టుల ఆఫీసులో రెండు భాషల కాపురం

ఆఫీసులో అందరూ ఆయన్ని బాబాయి అనేవారు, ఆవిడని పిన్ని. భార్యాభర్తలిద్దరికీ ఒకే గదిలో ఎదురెదురు బల్లలు. పెద్ద భవనాల్లో ఎవరు బటన్ నొక్కితే ఏ లిఫ్టు వెళ్లాలో తేల్చే ప్రోగ్రాములు రాయడం వాళ్ల పని. పొద్దున్న ఇంట్లో ఆపిన పోట్లాటని ఆఫీసులో ఎక్కణ్ణుంచి అందుకోవాలో ఇద్దరికీ బాగా గుర్తుండేది.

పాత ప్రోగ్రాం సీ భాషలో ఉండేది. సీ ఎవరినీ ఏమీ అడగదు. నూతిలో దూకుతానంటే పక్కకి జరిగి దారిస్తుంది. ఆ మర్యాద వల్ల ప్రోగ్రాం తరచూ కుప్పకూలేది, జనం మెట్లెక్కేవారు. చివరికి మేనేజరు కొత్త భాషలో తిరగరాయిద్దామన్నాడు. ఏ భాష గెలిస్తే ఆ పక్షంవాళ్లే కొత్త బృందానికి పెద్ద. రిటైరయ్యేలోపు ఒక్కసారైనా పెద్ద అనిపించుకోవాలని బాబాయి కోరిక. ఆయన ఎవరికీ చెప్పలేదు కాబట్టి అందరికీ తెలుసు.

ఆయనది రస్ట్ అనే భాష పక్షం. పిన్నిది గో అనే భాష.

"మీ గో పని మధ్యలో ఆగి, వాడి పారేసిన చెత్త తనే ఎత్తుకుంటుందటగా" అన్నాడాయన టీ తాగుతూ. "మూడో అంతస్తుకీ నాలుగోదానికీ మధ్య లిఫ్టు ఆపి చీపురు పడుతుందా?"

"రెప్పపాటు కూడా పట్టదు లెండి. ప్రతిదానికీ యజమాని ఎవరని అడిగే మీ రస్ట్ అయితే, ఎవరైనా గొడుగు మర్చిపోతే అది ఎవరిదో తేలేదాకా తలుపే తియ్యదు."

"మంచిదేగా. లోపలున్నవాళ్లు క్షేమంగా ఉంటారు."

"ఉంటారు. ముసలాళ్లయి దిగుతారు."

వాదన ముదిరితే కొలిచి చూపించాలన్నది ఆ ఆఫీసు పద్ధతి. బాబాయి ఒక పరీక్ష రాశాడు. లక్షమంది బటన్ నొక్కినట్టు ఊహించి, ఎవరికి ఏ లిఫ్టు పంపాలో రెండు భాషల్లోనూ లెక్క వేయించాడు. గో కాస్త ఆయాసపడింది. రస్ట్‌కి పట్టిన సమయం సున్నా. మేనేజరు నోరు తెరిచాడు. తన పిల్లాడు క్లాసులో ఫస్టొచ్చినట్టు బాబాయి మొహమాటపడ్డాడు.

సాయంత్రం ఇంట్లో కూరగాయలు తరుగుతూ పిన్ని అడిగింది: "ఇంతకీ జవాబెంత వచ్చింది?"

"ఏం జవాబు?"

"అదేనండీ, లక్షమందీ కలిపి ఎంతసేపు ఎదురుచూశారని? లెక్క వేయించారుగా."

జవాబు తెరమీద చూపించమని ఆయన ప్రోగ్రాంకి చెప్పనే లేదు. మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలరు. రస్ట్ కంపైలరు మరీ తెలివైనది. జవాబు ఎవరికీ అక్కర్లేనప్పుడు లెక్క దేనికని మొత్తం కొట్టిపారేసింది. గోకి అంత తెలివి లేక బుద్ధిగా పని చేసింది. ఏ పనీ చెయ్యకుండా అందరికంటే ముందు ముగించే నేర్పు ఆ ఆఫీసులో మరికొందరికీ ఉండేది గానీ, వాళ్లనెవరూ కొలవలేదు.

బాబాయి అప్పటికప్పుడు జవాబు తెరమీద చూపించమని రాసి మళ్లీ కొలిచాడు.

"ఇంకా మీదే ముందుంది" అంది పిన్ని.

"వెంట్రుకవాసి."

"రేపు చెప్తారా?"

"నువ్వు చెప్పవుగా?"

"నేనెందుకు చెప్తాను? నాకు ఇంట్లో శాంతి కావాలి."

మర్నాడు ఆయనే అందరిముందూ లేచి నిలబడ్డాడు. "నిన్న రస్ట్ అసలు లెక్కే వెయ్యలేదు. నేను చూసుకోలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. వేగం తేడా వెంట్రుకవాసే అయినప్పుడు, కొత్తవాళ్లు తొందరగా నేర్చుకునేదే మేలని మేనేజరు గోకి ఓటేశాడు. పిన్ని పెద్ద అయింది.

"మీకేం అభ్యంతరం లేదుగా, బాబాయ్?" అన్నాడు మేనేజరు.

"పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ కిందేగా పనిచేస్తున్నా. ఇకనుంచి దానికి జీతం కూడా ఇస్తారన్నమాట."

తర్వాత ఏళ్ల తరబడి ఆయన గోలో రాశాడు, గోని తిడుతూ. ప్రతి అడుగుకీ తప్పు జరిగిందేమో చూసుకోమంటుందని, అది భాషా లేక పెళ్లామా అని. పిన్ని ఆయన రాసినది చదివి, ఒక్క ముక్కా అనకుండా ముందుకి పంపేది.

ఆయన పోయాక బృందంవాళ్లు పలకరించడానికి వెళ్లారు.

"మీ అందరిలో ఆయనంత శుభ్రంగా రాసినవాళ్లు లేరు" అంది పిన్ని. "చెప్తే నెత్తికెక్కుతారని చెప్పలేదు."