కేపర్టీ రాతి రంగస్థలానికి మావారితో

జనవరిలో ఒక శనివారం ఉదయం ఎనిమిదిన్నరకి సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో బస్సెక్కాం, నేనూ మావారూ. పారమట్టా దాకా బస్సు, అక్కణ్ణించి లిత్‌గో దాకా రైలు, లిత్‌గో నుంచి నిర్వాహకులే నడిపే బస్సులో కేపర్టీ లోయకి ఇంకో గంట. అక్కడ ఇసుకరాతి కొండలు అర్ధచంద్రాకారంలో వంగి, మనిషి చెయ్యి పడకుండానే ఒక రంగస్థలం ఏర్పడింది. ఇక్కడి వేసవిలో, అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అక్కడ కచేరీలు జరుగుతాయి, ఒపెరా పాటలు పాడతారు. ఆ రాళ్ల వయసు కోట్ల ఏళ్లట. మా కాపురం వయసు ముప్ఫై ఎనిమిదేళ్లు. రెండింట్లో ఏది గట్టిదని నన్నడిగితే వెంటనే చెప్పలేను.

టిక్కెట్లు మెల్‌బోర్న్‌లో ఉండే మా అమ్మాయి కొని పంపింది. "డాడ్ విల్ లవ్ ఇట్, అమ్మా" అంది ఫోన్లో. నాకంత నమ్మకం లేదు. ఆయన ఒక పాట విని అప్పటికి ఎనిమిది నెలలైంది.

మావారిది రేపల్లె దగ్గర పల్లెటూరు. సిడ్నీలో రోడ్లు వేయించే ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు గానీ, ఆయన ప్రాణమంతా పద్యనాటకం మీదే. చదువుకునే రోజుల్లో కిరీటం పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగారు. ఇక్కడికొచ్చాక ప్రతి ఉగాదికీ కమ్యూనిటీ హాల్లో ఒక్క పద్యమైనా పాడాల్సిందే. ఆయన రాగం తీస్తుంటే ఊపిరి ఎప్పుడు తీసుకుంటారోనని కింద కూర్చుని నేను ఊపిరి బిగబట్టేదాన్ని. భోజనానికి పిలిచిన ఇళ్లలో కూడా పద్యం ఎత్తుకునేవారు. పాయసం చల్లారిపోతోందని కళ్లతో సైగ చేసినా ఆగేవారు కాదు.

కిందటి మే నెలలో థైరాయిడ్ గడ్డకి ఆపరేషనైంది. గడ్డ పోయింది, దాంతోపాటు గొంతూ పోయింది. గొంతుకి వెళ్లే నరం ఒకటి బలహీనపడిందన్నారు. మాట్లాడితే సగం గాలి, సగం జీర. గొంతుకి శిక్షణ ఇచ్చే ఆవిడ రోజూ చేయాల్సిన అభ్యాసాలు రాసిచ్చి, "ఏడాది దాటనిచ్చారంటే గొంతు ఇలాగే నిలిచిపోతుంది" అని నా ముందే చెప్పింది. ఆయన ఒక్క రోజు కూడా చేయలేదు. ఆపరేషనైన రెండో వారంలో బేకరీలో బ్రెడ్ అడిగితే కౌంటర్లో అమ్మాయి "సారీ?" అంది. మళ్లీ చెప్పారు. మళ్లీ "సారీ?" అంది. ఆ రోజునుంచి బయటివాళ్లతో మాట్లాడటం మానేశారు. నాతో ఇంట్లో గుసగుసగా నాలుగు ముక్కలు, అంతే. బయటికి వెళ్తే మోచేత్తో నన్ను పొడుస్తారు, నేను మాట్లాడాలి. డాక్టరుతో నేనే, బ్యాంకులో నేనే, ఆఖరికి ఆయన స్నేహితులు ఫోన్ చేసినా నేనే. వసపిట్టనని నాకెటూ పేరుంది. అయినా రెండు గొంతుల పని ఒక్క గొంతుతో చేయడం నాకూ కష్టంగానే ఉంది. ఏడాదికి ఇంక నాలుగు నెలలే మిగిలాయి.

పారమట్టాలో తొమ్మిదీ యాభైకి రైలు దొరికింది. మీరు వెళ్లేటట్టయితే ఇదే రైలు పట్టుకోండి. పై అంతస్తులో కూర్చుంటే ఈము ప్లెయిన్స్ దాటగానే కొండెక్కడం బాగా కనిపిస్తుంది. అరవై దాటి గోల్డ్ ఓపల్ కార్డు ఉన్నవాళ్లకి రోజంతా రెండున్నర డాలర్లే. కటూంబాలో టూరిస్టులంతా దిగిపోయాక పెట్టెలో పదిమందిమి మిగిలాం. లిత్‌గో ముందు వరసగా పది సొరంగాలొచ్చాయి. ఒక్కో దాంట్లోంచి బయటికొచ్చినప్పుడల్లా ఎదుటి సీట్లో పెద్దాయన ఒక్కో వేలు ముడుస్తూ మావారికేసి చూసి నవ్వాడు. మావారూ నవ్వారు. ఆ పెద్దాయన ఏదో అడగబోతుంటే మాత్రం మావారు కిటికీ వైపు తిరిగిపోయారు. "ఆయనకి వినికిడి కాస్త తక్కువ" అని నేనే అబద్ధమాడి సర్దాను.

లిత్‌గోలో దిగేసరికి పన్నెండూ ఇరవై. స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక మోటెల్‌లో ముందే గది తీసుకున్నాం. కచేరీ ముగిశాక అదే రోజు తిరిగి రావాలనుకోకండి, ఒంటికి మంచిది కాదు. సామాను పడేసి, పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా, కూర్చోడానికి రెండు మెత్తలు, టోపీలు సంచిలో పెట్టుకుని రెండు గంటలకి స్టేషన్ ముందు బస్సెక్కాం.

ముందు సీట్లోంచి ఒకమ్మాయి వెనక్కి తిరిగింది. "ఆంటీ, మీరు తెలుగోళ్లే కదా? పులిహోర వాసనొస్తుంది."

పేరు శ్రావ్య. ఊరు జగిత్యాల. ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. వార్డులో పనిచేసేవాళ్లంతా కలిసి బయల్దేరారట. "నాక్కూడ ఈ ఒపెరా అంటే ఏం తెల్వదాంటీ. మా సీనియర్ చెప్పింది, పాట నడుమ చప్పట్లు కొట్టొద్దంట. అయిపోయినంక కూడ పక్కోళ్లు కొట్టినంకనే కొట్టాలంట. అంకుల్ ఏం మాట్లాడుతలేరు?"

ఆపరేషన్ సంగతి చెప్పాను. నర్సు కదా, గొంతు మీది మచ్చ చూసి తల ఊపింది. "ప్రాక్టీస్ చేస్తున్రా అంకుల్?" అని సూటిగా ఆయన్నే అడిగింది. ఆయన నన్ను మోచేత్తో పొడిచారు. ఈసారి నేను నోరు మెదపలేదు. కాసేపు చూసి ఆ పిల్లే మాట మార్చి పులిహోరలో ఇంగువ వేశారా అని అడిగింది.

మూడు గంటలకి లోయలో దిగాం. ఎర్రగా, పచ్చగా, బూడిదరంగుగా చారలు చారలుగా పైకి లేచిన రాతి గోడ. దాని పాదాల దగ్గర చెక్క వేదిక, దానికెదురుగా వాలు మీద మెట్లుమెట్లుగా గడ్డి. కుర్చీల టిక్కెట్లు వేరే ఉన్నాయి, మావి గడ్డి టిక్కెట్లు. ఈగలు మాత్రం ఎవరి టిక్కెట్టూ చూడవు. టోపీకి వల ఉంటే తప్పకుండా తెచ్చుకోండి, మేం తేలేదు. మా పక్కన నలుగురు దుప్పటి పరిచి జున్ను ముక్కలు, వైను పెట్టుకున్నారు. మేం పులిహోర తీశాం. ఇటునుంచి రెండు చెంచాల పులిహోర, అటునుంచి రెండు ద్రాక్షగుత్తులు మారాయి.

నాలుగున్నరకి ఆ నేలకి అసలు వాసులైన ఆదివాసీల పెద్దావిడ ఒకరు వేదికెక్కి అందరికీ స్వాగతం చెప్పారు. "మా పెద్దలు ఇక్కడ పాడుతూ ఉండేవాళ్లు. ఈ రాళ్లకి పాట కొత్త కాదు. కొత్తవాళ్లు మీరు, అంతే" అన్నారు. అందరూ నవ్వారు. మావారు రాతి గోడని పైనుంచి కిందిదాకా చూశారు. రంగస్థలం కనిపిస్తే గొంతు ఎక్కడ తగిలి ఎటు తిరిగొస్తుందో కొలవడం ఆయనకి అలవాటు. ఎనిమిది నెలల తర్వాత ఆ చూపు మళ్లీ చూసి నాకు ఆశ పుట్టింది.

మైకులు లేవు. ఇరవైమంది వాయించేవాళ్లు, నలుగురు గాయకులు. మొదటి గంట నాకు పెద్దగా ఎక్కలేదని ఒప్పుకుంటాను. నీలం గౌను వేసుకున్నావిడ తారస్థాయికి వెళ్లినప్పుడల్లా కొండ మీది తెల్లకాకతువ్వలు కూడా పోటీకి వచ్చాయి. మావారు చేతులు కట్టుకుని కదలకుండా కూర్చున్నారు. లేచి వెళ్లిపోదామంటారేమోనని భయంభయంగానే ఉన్నాను.

ఆరు దాటాక ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై ఉంటాయి. నల్లకోటు లోపల భుజాలు కాస్త వంగాయి. కూతురిని అత్తారింటికి పంపే తండ్రి పాట అని కరపత్రంలో రాశారు. భాష ఇటాలియన్, ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అర్థం కానిదేముంది? నెమ్మదిగా ఎత్తుకున్నాడు, బుజ్జగించాడు, కోప్పడ్డాడు, చివర్లో ఒక పైస్వరం పట్టుకుని నిలిచాడు. అక్కడ ఆయన గొంతు పగిలింది. జీర వచ్చింది, స్వరం చెదిరింది, ఎలాగో కిందికి దించి ముగించాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఏం చేయాలో ఎవరికీ తెలిసినట్టు లేదు.

ఇక్కడ మా వాళ్ల అలవాటొకటి చెప్పాలి. పద్యనాటకంలో పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. నటుడు మళ్లీ పాడాలి, అది ఆయనకి దక్కే గౌరవం. చచ్చి పడిపోయిన పాత్ర లేచి, పద్యం పాడి, మళ్లీ చచ్చిన సందర్భాలున్నాయి. నాటకం చూస్తూ మావారు అలా అరవాలనుకున్నప్పుడల్లా ముందు నా మణికట్టు గట్టిగా పట్టుకుంటారు, తర్వాత సగం లేస్తారు. ఆ నిశ్శబ్దంలో నా మణికట్టు నొప్పెట్టింది. తిరిగి చూస్తే ఆయన సగం లేచి ఉన్నారు. నోరు తెరిచారు. పెదాలు కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు.

ఎనిమిది నెలలుగా ఆయన మాటలన్నీ నేనే మాట్లాడుతున్నాను. ఇదీ మాట్లాడేశాను. లేచి నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి "వన్స్ మోర్" అన్నాను. మైకు లేని ఆ చోట నా అరుపు రాతికి కొట్టుకుని అందరికీ రెండోసారి కూడా వినిపించింది. ఆరేడు వందల తలలు ఇటు తిరిగాయి.

శ్రావ్య రెండు వరసల అవతలినుంచి వంగి వచ్చి నా చెవిలో చెప్పింది. "ఆంటీ, ఈడ గట్లంటే మంచిగ పాడలె, మల్ల సక్కగ పాడు అన్నట్టయితది."

భూమి చీలితే దూరిపోయేదాన్నే. వయసు మీద పడ్డ మనిషి, గొంతు తప్పిన క్షణం, అందరి ముందూ నేనేదో గుచ్చినట్టయింది. చేతులు జోడించాను, అది కూడా ఆయనకి ఏమర్థమైందో తెలియదు. ఆయన వేదిక అంచుదాకా నడిచి వచ్చి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని మా వైపు చూశాడు.

"నిజమేనమ్మా, నాకూ అది నచ్చలేదు" అన్నాడు ఇంగ్లీషులో. వెనక్కి తిరిగి వాయించేవాళ్లతో, "మొదటినుంచి" అన్నాడు.

మళ్లీ పాడాడు. ఈసారి గడ్డి మీద ఒక్కరూ కదల్లేదు. పైస్వరం దగ్గరికి వస్తుంటే మావారి చెయ్యి నా చేతిలో బిగుసుకుపోయింది. అక్కడే, సరిగ్గా అదే చోట, గొంతు మళ్లీ పగిలింది. ఆ పెద్దాయన వదల్లేదు. ఆ పగిలిన స్వరాన్నే పట్టుకుని, ఊపిరి ఉన్నంతసేపూ నిలబెట్టి, తర్వాత నెమ్మదిగా కిందికి దించాడు. జనమంతా లేచి నిలబడ్డారు. శ్రావ్య పక్కవాళ్ల కోసం చూడకుండానే చప్పట్లు కొట్టింది. నేను ఏడుస్తున్నానని పక్క దుప్పటి ఆవిడ టిష్యూ ఇచ్చేదాకా నాకు తెలియలేదు.

ఏడుకి ముగిసింది. ఎనిమిదిన్నరకి మోటెల్ చేరాం. పెరుగన్నం తిన్నాక మంచం మీద కూర్చుని మావారు గుసగుసగా అన్నారు. "అక్కడ పగులుతుందని రెండోసారి ఆయనకి ముందే తెలుసు, విజయా."

"తెలుసు కదా."

"తెలిసే వెళ్లాడు."

ఇదే సమయమని అభ్యాసాల మాట ఎత్తబోయాను. ఆయన అప్పటికే పక్కకి తిరిగి పడుకున్నారు. జీవితంలో మొదటిసారి ఒక మాటని మింగి నేనూ పడుకున్నాను.

ఆదివారం ఉదయం తొమ్మిది దాటాక లిత్‌గోలో రైలెక్కాం. మౌంట్ విక్టోరియాలో ఒక పెద్దావిడ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. సంచిలోంచి ఊలు తీసి అల్లుతూ రెండుసార్లు నన్ను పరకాయించి చూసింది. చివరికి అడిగేసింది. "మీరు నిన్న లోయలో కచేరీకి వచ్చారు కదూ? లేచి అరిచింది మీరేనా?"

సంజాయిషీ ఎక్కడ మొదలుపెట్టాలా అని నేను గొంతు సవరించుకున్నాను. మోచెయ్యి నా పక్కటెముకలకి తగులుతుందని కూడా చూశాను. తగల్లేదు.

"అరిచింది మా ఆవిడ" అన్నారు మావారు, ఇంగ్లీషులో, సగం గాలితో. "అడిగింది నేను."

ఆవిడ సూదులు ఆపింది. రైలు మలుపు తిరుగుతోంది, చక్రాల చప్పుడు ఎక్కువగా ఉంది. చెవి ముందుకు వంచి, "సారీ?" అంది.

ఆయన తరఫున చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. పమిట కొంగు గుప్పెట్లో పట్టుకుని ఆగిపోయాను.

ఆయన మెడ కాస్త పైకెత్తి, ఊపిరి తీసుకుని మళ్లీ చెప్పారు. జీర అలాగే ఉంది, గొంతు మధ్యలో తెగింది, తెగిన చోటునుంచే అందుకున్నారు. "అడిగింది నేను. మా దేశంలో బాగా పాడినవాళ్లని అలా అడుగుతాం."

"అయితే ఆయనకి ఎవరైనా చెప్పాలి కదా" అంది ఆవిడ. "పాపం, తిట్టారనుకుని ఉంటాడు."

"ఉత్తరం రాస్తాను" అన్నారు మావారు. ఆ తర్వాత పద్యం అంటే ఏమిటో, రాగం అంటే ఏమిటో, కిరీటం ఎంత బరువుంటుందో ఆవిడకి చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ ఇంకా నాలుగైదుసార్లు "సారీ?" అంది. నాలుగైదుసార్లూ మళ్లీ చెప్పారు. పెన్రిత్ దాకా నాకు మాట్లాడే వంతే రాలేదు. కటూంబా ఎప్పుడు దాటిందో, లోయలు ఎలా ఉన్నాయో నన్నడక్కండి. వచ్చేటప్పుడు దారిలో నేనేమీ చూడలేదు.

పెన్రిత్‌లో ఆవిడ దిగిపోయింది. ఆయన మంచినీళ్ల సీసా అడిగి తీసుకుని, కాస్త తాగి, మెడ మీద చెయ్యి వేసుకున్నారు.

"గొంతు నొప్పెడుతోంది" అన్నారు.

"నొప్పెట్టదూ మరి" అన్నాను. ఎనిమిది నెలలుగా కనిపించిన దేవుడికల్లా ఆ నొప్పి కోసమే మొక్కుతున్నానని మాత్రం చెప్పలేదు.