పొదిలి ముసలమ్మ రోలు

నవలలు రాసేవాళ్ళని జనం అడిగే ప్రశ్నలు ఎక్కడికెళ్ళినా ఇంచుమించు ఒకటే. ఎప్పుడు రాస్తారు, ఎలా తోస్తుంది, ఇందులో నిజమెంత. నేను ఆడదాన్ని కాబట్టి నాకు ఇంకోటి అదనం: మీరు రాసుకుంటుంటే వంటెవరు చేస్తారండీ? ఎనభైల్లో నా సీరియల్ ఒక వారపత్రికలో వస్తున్న రోజుల్లో గుంటూరు చుట్టుపక్కల గ్రంథాలయాలకీ, కాలేజీలకీ నన్ను పిలిచి కూర్చోబెట్టి ఇవే అడిగేవారు. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత విసుగొచ్చి, వంట మా ఆయనే చేస్తారు, నవల కూడా ఆయనే రాస్తారు, నేను ఊరికే వచ్చి దండ వేయించుకుని పోతాను అనేదాన్ని. చాలామంది నవ్వేవారు. ఒకరిద్దరు నమ్మేవారు కూడా.

అచ్చు సంగతి అడిగేవాళ్ళు వేరే రకం. సభయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి, గుమ్మం పక్కన నిలబడి, "మా స్నేహితుడొకడు రాస్తుంటాడండీ" అని మొదలుపెట్టేవారు. ఆ స్నేహితుడెవరో వాళ్ళ చెమట చూస్తేనే తెలిసేది. కాగితానికి ఒకవైపే రాయమనండి, పక్కన జాగా వదలమనండి, తిరుగు కవరు పెట్టమనండి, తిరిగొస్తే ఏడవకుండా ఇంకో పత్రికకి పంపమనండి అని ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పేసేదాన్ని. ఇక నన్ను కొత్త ప్రశ్న అడిగేవాళ్ళు పుట్టలేదనే అనుకున్నాను, మిరపకాయల షెడ్డుకి వెళ్ళేదాకా.

అప్పట్లో నేను గుంటూరులో ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. మాతో పనిచేసే తెలుగు టీచరు ఒకరోజు, వాళ్ళ చర్చికొచ్చే ఆడవాళ్ళు కొందరు నన్నేదో అడగాలంటున్నారని చెప్పింది. వాళ్ళు నా సీరియల్ వింటారట. వినడమేమిటి అన్నాను. వాళ్ళంతా మిర్చి యార్డుకి దగ్గర్లో ఒక షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతారు. తీసిన కాయల తూకాన్ని బట్టి కూలి. వాళ్ళలో చదువొచ్చినావిడ ఒక్కతే, మిషన్ స్కూల్లో పదో తరగతి దాకా చదివింది. వారానికోసారి ఆవిడ చేతిలో పని పక్కనపెట్టి పత్రిక పైకి చదువుతుంది. ఆవిడ కూలి పోకూడదు కదా, అందుకని విన్నవాళ్ళంతా తలా ఒక దోసెడు తొడిమ తీసిన కాయలు ఆవిడ బుట్టలో పోస్తారు. ఎవరూ పెట్టిన రూలు కాదు, అలా అలవాటైపోయింది. ఆదివారం చర్చిలో బైబిలు వాక్యం చదివేది కూడా ఆవిడేనట.

గ్రంథాలయాల్లో నా నవలలు చదివినవాళ్ళు చాలామందే ఉన్నారుగానీ, నా కథ విన్నందుకు తన కష్టంలోంచి దోసెడు తీసి పోసినవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. మనసాగలేదు. ఆ శనివారం ఒంటిపూట బడి కాగానే టీచరుతో కలిసి బయల్దేరాను.

షెడ్డు గుమ్మంలో అడుగుపెట్టగానే తుమ్ములు మొదలయ్యాయి. ఎర్రటి కుప్పల మధ్య ముక్కులకి గుడ్డలు కట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు నా తుమ్ములు ఆగేదాకా మర్యాదగా చూశారు, తర్వాత మర్యాద మానేసి నవ్వారు. అందరికంటే పెద్దావిడ, నోట్లో పళ్ళు తక్కువ, మాటలు ఎక్కువ, తడిగుడ్డ ఒకటి నా చేతికిచ్చి, ముక్కుకి కట్టుకోమంది. టీచరు నేనెవరో చెప్పింది. అంతా జరిగి చోటిచ్చారు. ఒక్కావిడ మాత్రం కూర్చున్నది కాస్తా లేచి నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, సన్నగా ఉంది. చదివేది ఆవిడేనని చెప్పారు. నేనొస్తున్నట్టు ఆవిడకెవరూ చెప్పలేదని ఆ మొహం చూస్తేనే తెలిసింది. సిగ్గనుకున్నాను.

ప్రశ్నలు మొదలయ్యాయి. వంట సంగతి ఒక్కరూ అడగలేదు. రాసేటప్పుడు నాకు కూడా ఏడుపొస్తుందా అని ఒకావిడ అడిగింది. బొమ్మ గీసేటాయన కథలో పిల్లని ఎక్కడ చూశాడు, ముక్కు అంత బాగా దింపాడు అని ఇంకొకావిడ. నేను మధ్యలో చచ్చిపోతే కథలో వాళ్ళంతా ఏమైపోతారని ఒకావిడ అడిగి, పక్కావిడ చేత మొట్టికాయ తిన్నది. నాకు మాత్రం ఆ ప్రశ్న భలే నచ్చింది. జవాబు తెలీదన్నాను. నిజంగానే తెలీదు, ఇప్పటికీ తెలీదు. ఎన్నో సభల్లో దొరకని హుషారు నాకా ఘాటులో దొరికింది. ఇంకా అడగండి అంటూ ముందుకు జరిగాను.

అప్పుడు పెద్దావిడ అడిగింది.

"ఆ పొదిలి ముసలమ్మ రోలు వదిలేసి పోయిందిగా. మళ్ళీ వచ్చుద్దా?"

నాకేమీ అర్థం కాలేదు. నా నవల బెజవాడలో జరుగుతుంది. కథానాయిక ఒక బ్యాంకు గుమాస్తా, అద్దెవాటాలో ఉంటుంది. అందులో పొదిలీ లేదు, ముసలమ్మా లేదు, రోలు సరేసరి. ఏ ముసలమ్మ అని అడగబోయి, ఎందుకో చదివే ఆవిడ వైపు చూశాను. ఒళ్ళో పత్రికని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. కళ్ళతోనే నన్ను బతిమాలుతోంది.

ఆ ముసలమ్మ సంగతి ఇంకోసారి చెప్పమన్నాను. తలా ఒక ముక్క అందుకున్నారు. ముసలమ్మ ఆ బ్యాంకు పిల్ల ఎదురింట్లో దిగింది. పొదిలి నుంచి లారీలో తన రోలు తెచ్చుకుంది, పరాయి రోట్లో నూరిన పచ్చడి ఆమెకి గొంతు దిగదు. కొడుకు ఆ ఊరు, ఈ ఊరు బదిలీ అయినప్పుడల్లా ఆ రోలూ వెంట తిరిగింది. ఉద్యోగం చేసే పిల్లకి రాత్రిపూట కూర గిన్నె పెడుతుంది, పెట్టి తిడుతుంది. మొన్నామధ్య కోడలితో మాటామాటా వచ్చి వినుకొండలో కూతురి దగ్గరికి బస్సెక్కేసింది. రోలు మాత్రం ఆ పిల్ల వాటాలో పెట్టి పోయింది, ఏం చెప్పకుండా.

వింటుంటే నాకు అసూయ వేసింది. దాచుకోవడమెందుకు, గట్టిగానే వేసింది. వారం వారం నేను పత్రిక వాళ్ళ తొందరకి పేజీలు నింపుతుంటే, ఈ షెడ్డులో ఎవరో నా కథకి ఎదురిల్లు కట్టి అందులో మనిషిని దింపారు. పైగా ఎంత నేర్పుగా! ఆ ముసలమ్మ నా కథలో దేన్నీ కదపదు. వస్తుంది, తిడుతుంది, తన గుమ్మంలోకి తాను వెళ్ళిపోతుంది. మరుసటి వారం నా కథ ఎక్కడాగిందో అక్కడే మొదలవ్వొచ్చు.

సంగతి కాస్త కాస్త బోధపడింది. పత్రిక కొనేది షెడ్డు గుమాస్తా అని దారిలో టీచరు చెప్పింది. వాళ్ళింట్లో చదవడం అయ్యాకే అది ఇక్కడికొస్తుంది. కొన్ని వారాలు రాదు. రాని వారం ఈవిడ పాత సంచిక ఒకటి ముందు పెట్టుకుని సొంతంగా చెప్పేదన్నమాట. ఇప్పుడు నేను ఈ ముసలమ్మ నాది కాదు అని ఒక్క మాటంటే ఈవిడ గతేమిటి? చదవకుండానే మా కాయలు పోయించుకుందా అంటారు. ఆ మాట చర్చిదాకా పోతుంది. వాక్యంలో ఒక్క పొల్లు కూడా కలపకూడదు, కలిపే నోరని తెలిస్తే మళ్ళీ ఆమె చేత చదివించరు. నాదే అందామంటే నోరు రావడం లేదు. అంత మంచి మనిషిని నాదని ఎలా అంటాను?

అబద్ధం కాని మాట ఒకటి వెతుక్కుని, "వస్తుందో రాదో నాకింకా తెలీదు పెద్దమ్మా" అన్నాను.

"నీకెట్టా తెలుసుద్దమ్మా," అంది పెద్దావిడ, చేతిలో కాయ తొడిమ తీస్తూనే. "నీదైతేగా."

షెడ్డులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయింది నేనూ, చదివే ఆవిడా. నాకంటే ఆవిడే ఎక్కువ.

ఎలా తెలుసని అడిగాను. తనకి చదువు రాదుగానీ కళ్ళున్నాయంది పెద్దావిడ. పత్రిక చదివే వారం ఈ పిల్ల తల వంచుకుని చదువుతుంది, మధ్యలో పేజీ తిప్పుతుంది. ముసలమ్మ వచ్చే వారం పేజీ తిప్పదు. తలెత్తి వీళ్ళ మొహాలు చూస్తూ చదువుతుంది. రెండో వారానికే షెడ్డంతా పసిగట్టింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అన్నారా? మరి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదన్నాను. అడిగితే మానేస్తుంది కదా అన్నారు ఇద్దరు ముగ్గురు, ఇది కూడా తెలీదా అన్నట్టు. గుమాస్తా ఇంటికి చుట్టాలొస్తే బాగుండు, ఈ వారం పత్రిక రాకపోతే బాగుండు అనుకునేవారట. ఆ మాటకి నేను కాస్త నొచ్చుకున్నాను. నొచ్చుకుంటూనే నవ్వాను.

చదివే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. పెద్దావిడ ఆమెని ఓదార్చలేదు, కనీసం ఆమె వైపు తిరగలేదు.

"నిన్ను పిలిపించింది ఇందుకేనమ్మా," అంది నాతో. "ఇట్టా చెప్పింది అచ్చులో పడాలంటే ఏం చెయ్యాలి? అది చెప్పిపో."

నాకు కంఠతా వచ్చిన ప్రశ్నే. కానీ ఎవరూ స్నేహితుడి పేరు చెప్పుకోవడం లేదు, ఎవరూ గుమ్మం పక్కన నిలబడలేదు. షెడ్డు షెడ్డంతా కలిసి ఒక్క మనిషి కోసం అడుగుతోంది. ఎక్కాలన్నీ మర్చిపోయాను. చాలాసేపు తడబడి, ఒకవైపే రాయాలి, జాగా వదలాలి అని మొదలుపెట్టాను. వాళ్ళు పని ఆపి విన్నారు. చదివే ఆవిడ మాత్రం తల అడ్డంగా ఊపింది. వాక్యం చదివే నోటితో కల్పించిన కథలు ఊరికి చెప్పడం తప్పు కాదా అంది. ప్రభువు చెప్పలేదా కథలు, అవన్నీ ఎక్కడో జరిగి చెప్పాడా అని పెద్దావిడ కసిరింది. 

నేను వచ్చేస్తుంటే చదివే ఆవిడ బయటిదాకా వచ్చి నన్ను అసలు ప్రశ్న అడిగింది.

"కాగితం ముందు కూర్చుంటే ఎవరి మొహమూ కనపడదు కదండీ. మరి ముసలమ్మ ఏం తిట్టాలో ఎట్టా తెలుసుద్ది?"

నేనిన్నేళ్ళు ఎవరి మొహం చూసి రాశాను? దారంతా ఆలోచించాను. పత్రిక వాళ్ళ మొహం తప్ప ఇంకోటి గుర్తు రాలేదు.

ఆవిడ రాసింది. నాకు చూపించింది, నేను రెండుచోట్ల మాత్రమే వేలు పెట్టాను. ఒక పత్రిక తిప్పి పంపింది. ఇంకో పత్రిక, నాకు తెలియని చిన్నది, వేసుకుంది. మరుసటేడు కాయలొచ్చే కాలానికి అచ్చులో వచ్చింది. కబురు రాగానే షెడ్డుకి వెళ్ళాను. అప్పటికి నా సీరియల్ ఎప్పుడో అయిపోయింది, దాని ముగింపు ఏమిటని ఆ రోజు నన్నెవరూ అడగలేదు.

ఆవిడ తల వంచుకుని, వాక్యం చదివినంత శ్రద్ధగా, అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివింది. మధ్యలో పేజీ తిప్పినప్పుడు పెద్దావిడ అందరి వైపూ గర్వంగా చూసింది. అచ్చు కథలో ముసలమ్మ తిరిగి రాదు. రోలు ఆ పిల్ల వాటాలోనే ఉండిపోతుంది. చదవడం అయ్యింది. 

"ఇంతేనా?" అంది పెద్దావిడ. "వినుకొండలో కూతురు కూడు పెట్టిందా లేదా?"

చదివిన ఆవిడ పత్రిక మూసి ఒళ్ళో బోర్లించింది. తలెత్తి ఒక్కొక్కరి మొహమే చూసింది, చివరికి నాది కూడా. "బస్సు దిగేసరికి చీకటి పడిందంట..." అని మొదలుపెట్టింది.

అందరూ దగ్గరికి జరిగారు. నేనూ జరిగాను. ముసలమ్మ వినుకొండలో కూతురి గుమ్మం ఎక్కేసరికి నా ముందున్న కుప్పలోంచి కాయలు తీసుకుని తొడిమలు తీయడం మొదలుపెట్టాను. నాకు పని రాదు, వేళ్ళు మండాయి. దోసెడు కావడానికి చాలాసేపు పట్టింది. అయ్యాక లేచి వెళ్ళి ఆవిడ బుట్టలో పోసి, వచ్చి నా చోట్లో కూర్చున్నాను.