కుడిచేతి దెబ్బ

పక్కింటి పిన్నిగారు ఆ రోజు ఊళ్ళోనే ఉన్నారు. మేడ మీద మిరపకాయలు తిరగేస్తూ నాకు కనిపించారు కూడా. అయినా నేను అమ్మకి ఫోన్ చేసి, "పిన్నిగారు ఊరెళ్ళారమ్మా, అమ్మమ్మని ఎవరి దగ్గర వదిలి రాను?" అని చెప్పాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని, డైరీలో కూడా రాయలేదు.

ముందే ఒక మాట. నేను దయ్యాల కథలు ఇష్టంగా చదువుతాను గానీ ఒక్కటీ నమ్మలేదు. కాలేజీ హాస్టల్లో గజ్జెల చప్పుడు వినిపిస్తోందని గది గదంతా ఒకే మంచం మీదకి చేరితే, కిటికీ ఊచకి ఎవరో తగిలించి మర్చిపోయిన తాళంచెవుల గుత్తి తెచ్చి చూపించింది నేనే. ఇప్పటికీ నమ్మను. నమ్మకుండానే ఇది రాస్తున్నాను.

మాది రేపల్లె. మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, మా ఇంట్లోనే ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. బాపట్లలో ఒక ఆర్కెస్ట్రాలో ఇరవై ఏళ్ళకి పైగా డ్రమ్స్ వాయించాడు. ఇది జరగడానికి మూడేళ్ళ ముందు సూర్యలంకలో ఒక పెళ్ళి రిసెప్షన్‌లో, పాట మధ్యలో, కుడిచేతిలోంచి కర్ర జారిపోయింది. వంగి తీసుకోబోతే చెయ్యి వినలేదు. పక్షవాతం. పక్కనున్న తబలా ఆయన ఆ పాట చివరిదాకా లాక్కొచ్చాడు. కింద కూర్చున్నవాళ్ళకి ఏమీ తెలియలేదు. తన చెయ్యి పోయిన సంగతి చెప్పేటప్పుడు కూడా మావయ్య చివరికి, "పాట మాత్రం ఆగలేదే అమ్మడూ" అనేవాడు, అదేదో ఘనకార్యంలాగా.

వాళ్ళ ఆర్కెస్ట్రాలో ఒక పద్ధతి ఉండేదట. ఎవరిదైనా ఒక దెబ్బ జారిపోతే పక్కవాడు అందుకోవాలి. కిందకి దిగాక ఆ మాట ఎత్తకూడదు. ఎవరు జార్చారు, ఎవరు అందుకున్నారు అని టీకొట్టు దగ్గర కూడా అనుకోకూడదు.

నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను. చుట్టాలొస్తే పుస్తకం పట్టుకుని వెనక గదిలోకి పోతాను. మావయ్య దగ్గర మాత్రం మాటలొచ్చేవి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం టీవీ ముందు కూర్చునేవాళ్ళం. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే అతను పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చిన ఒక విదేశీ రాక్ బ్యాండ్ కచేరీ సినిమా ఉండేది. నలుగురూ డెబ్బై దాటినవాళ్ళే. ఎక్కడో పెద్ద మైదానంలో, సన్నటి వానలో, రెండు గంటల పాటు వాయిస్తారు. మాకు పాటల అర్థం సగం కూడా తెలిసేది కాదు.

"చూడవే, ఈ వయసుకి మనవాళ్ళైతే రామకోటి రాసుకుంటారు. ఈయన ప్యాంటు ఎంత బిగుతుగా వేశాడో చూడు" అనేవాడు మావయ్య.

మధ్య గదిలో మంచం మీద నుంచి అమ్మమ్మ, "వాళ్ళకి ఇళ్ళూ వాకిళ్ళూ లేవంట్రా? ముసలి పీనుగలు, వానలో తడిసి జ్వరం తెచ్చుకోడానికి కాకపోతే!" అనేది. ఆమెకి చెవులు సరిగ్గా వినపడవు. మావయ్య కోసమని సౌండ్ పెద్దగా పెడితే మాత్రం వినిపించేది. వాళ్ళ వయసూ, వానా మావయ్య అరిచి చెప్పినవే.

ఆ సినిమాలో చివరి నుంచి రెండో పాటలో ఒక చోటుంది. అందరూ ఒక్కసారి ఆగిపోతారు. డ్రమ్స్ ఆయన రెండు దెబ్బలు కొడితే మళ్ళీ అందరూ అందుకోవాలి. ఆయన మొదటిది కొడతాడు. రెండోది పడదు. చెయ్యి సగం దాకా లేచి ఆగిపోతుంది. గిటారు ఆయన వెనక్కి తిరిగి చూసి నవ్వుతాడు, పాట మళ్ళీ మొదలైపోతుంది. అంతా ఒక్క క్షణం. మావయ్య చూపించకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఆ ఖాళీ దగ్గరికి రాగానే మావయ్య ఎడంచేత్తో కుర్చీ చేతి మీద ఒక్కటి కొట్టేవాడు. మెత్తగా, 'టప్' మని. తన వంతు అన్నట్టు. మూడేళ్ళలో ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. కొట్టాక నా వైపు చూసేవాడు కాదు, నేనూ ఏమీ అనేదాన్ని కాదు.

ఆ వేసవిలో మావయ్యకి మళ్ళీ పక్షవాతం వచ్చింది. తెనాలి తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చారు. అమ్మ అక్కడే ఉండిపోయింది. బాపట్లలో ఉద్యోగం చేసే నాన్న సెలవు పెట్టి అటే వెళ్ళాడు. అమ్మమ్మని చూసుకోవడానికి నేను ఇంట్లో ఉన్నాను. మూడో రోజు పొద్దున అమ్మ ఫోన్ చేసింది.

"నిన్న కాస్త మాట్లాడాడే. నీ కోసమే అడుగుతున్నాడు. అమ్మమ్మని పిన్నిగారికి అప్పజెప్పి మధ్యాహ్నం రైలుకి వచ్చి పో."

తర్వాత ఫోన్ మావయ్య చెవి దగ్గర పెట్టింది. నేను వస్తానని చెప్పాను.

చెప్పాను గానీ వెళ్ళలేదు. మొదటిసారి పక్షవాతం వచ్చినప్పుడు ఆసుపత్రికి వెళ్ళాను. మంచం చుట్టూ చుట్టాలు, ఆర్కెస్ట్రావాళ్ళు. నన్ను చూడగానే అందరూ జరిగి దారిచ్చారు, నేనేం మాట్లాడతానా అన్నట్టు చూశారు. నేను మావయ్య ముక్కులోని గొట్టం కేసి చూస్తూ నిలబడి, ఒక్క మాట కూడా అనకుండా బయటికి వచ్చేశాను. మళ్ళీ అలాగే అవుతుందని భయం వేసింది. వినడానికి ఎంత చిన్న కారణమో నాకు తెలుసు. చీర కట్టుకున్నాను, సంచీ సర్దుకున్నాను, చెప్పులేసుకున్నాను. మేడ మీద పిన్నిగారిని చూశాను. మళ్ళీ చెప్పులు విప్పేసి అమ్మకి ఫోన్ చేసి ఆ అబద్ధం చెప్పాను. రేపు వస్తానన్నాను.

అమ్మ "సర్లే" అని ఫోన్ పెట్టేసింది.

తర్వాత ఇంట్లో ఏం చేయాలో తోచలేదు. పుస్తకం తీస్తే అక్షరాలు కనపడలేదు. ఆదివారం కాకపోయినా ఆ సినిమా పెట్టాను. సౌండ్ బాగా తగ్గించి పెట్టాను, పిన్నిగారికి వినబడకూడదని. మావయ్య కుర్చీ పక్కన, ఎప్పుడూ కూర్చునే చోటే, నేల మీద కూర్చున్నాను. కరెంటు ఉంది. ఫ్యాను తిరుగుతోంది. బయట ఎండ తెల్లగా కాస్తోంది.

ఆ పాట వచ్చింది. అందరూ ఆగారు. మొదటి దెబ్బ పడింది.

రెండోది కూడా పడింది.

కుర్చీ చేతి మీద పడే 'టప్' కాదు. కర్రతో, బిగించిన చర్మం మీద, నిండుగా కొట్టిన దెబ్బ. తెర మీద ఆయన చెయ్యి ఎప్పటిలాగే సగంలో ఆగిపోయింది. గిటారు ఆయన ఎప్పటిలాగే వెనక్కి తిరిగి నవ్వాడు. బొమ్మలో ఏ మార్పూ లేదు. చప్పుడు మాత్రం టీవీలోంచి వచ్చిందో, గదిలోంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. నేను కుర్చీ వైపు తల తిప్పలేదు. తిప్పలేకపోయాను.

అప్పుడు మధ్య గదిలోంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. "ఏమే, వాడికి చెయ్యి బాగైందా?"

లేచి వెళ్ళి ఆమె చెవి దగ్గర, "ఎవరికి అమ్మమ్మా?" అని అరిచాను.

"ఎవరికేంటి, మీ మావయ్యకి. ఇప్పుడు కొట్టింది ఎడంచేత్తో కాదుగా. కుడిచేతి దెబ్బ నాకు తెలీదటే? చిన్నప్పుడు నా బియ్యం డబ్బా మూతలన్నీ సొట్టలు పెట్టింది ఆ చెయ్యే."

సౌండ్ ఎంత తక్కువ పెట్టానంటే, నాకే పాట సరిగ్గా వినపడటం లేదు. అమ్మమ్మకి అన్నం తినమని చెప్పాలన్నా చెవి దగ్గరికెళ్ళి అరవాలి.

వెనక్కి జరిపి మళ్ళీ చూశాను. ఖాళీ ఖాళీగానే ఉంది. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ ఖాళీయే. టీవీ ఆపేసి టైం చూసి డైరీ తీశాను. 'మూడూ నలభై రెండు. రెండో దెబ్బ వినిపించింది. అమ్మమ్మ కూడా వింది.' అంతే రాశాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

పావుగంటకి నాన్న ఫోన్ వచ్చింది, మావయ్య పోయాడని. తర్వాత ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితంలో, పోయిన టైం మూడూ నలభై అని ఉంది. రెండు నిమిషాలంటే ఏ గడియారానికైనా ఉండే తేడా.

నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. మూడేళ్ళు అదే చోట ఒక చప్పుడు విని విని, అది లేకపోయినా విన్నట్టు అనిపించి ఉంటుంది. అది నాకు సరిపోతుంది. మరి అమ్మమ్మకి? ఆమెకి తెర కనపడదు, పాట వినపడదు, ఆ చోటు ఎప్పుడొస్తుందో తెలియదు.

పెద్దకర్మ రోజున తబలా వాయించే బాబాయ్ బాపట్ల నుంచి వచ్చారు. జనం తగ్గాక, ఎలాగో ధైర్యం చేసి, ఆ పాట ముక్క ఆయనకి ఫోన్లో వినిపించాను. రెండుసార్లు కళ్ళు మూసుకుని విన్నారు.

"ఒక దెబ్బ ఎగిరిపోయిందమ్మా ఇక్కడ. ఎందుకడిగావు?"

"ఊరికే బాబాయ్."

ఆ సాయంత్రమే ఇంకోటి జరిగింది. ఇంటి నిండా ఆడవాళ్ళున్నారు. అమ్మమ్మ అందరికీ చెబుతోంది, పోయేముందు నా కొడుక్కి చెయ్యి బాగైంది, నేను విన్నాను అని. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, ఆమె చెవి దగ్గరికి వంగి, "ఊరుకో అమ్మా, వాడు తెనాల్లో ఉంటే నీకిక్కడెలా వినపడుద్ది" అంది.

"నా మాట నమ్మకపోతే దాన్నడగండి. అదీ వింది. టీవీ ముందే కూర్చునుంది" అంది అమ్మమ్మ.

అందరూ నా వైపు తిరిగారు. విన్నానంటే, ఆ టైంలో సినిమా ఎందుకు పెట్టుకున్నావని అడుగుతారు. పిన్నిగారు కూడా అక్కడే, గుమ్మం పక్కన కూర్చుని ఉన్నారు.

"లేదమ్మమ్మా, నాకేం వినపడలేదు" అన్నాను, ఆమెకి తెలిసేలా తల అడ్డంగా ఊపుతూ.

అమ్మమ్మ చాలాసేపు నన్నే చూసింది. కోపంగా కాదు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్ళీ ఎప్పుడూ, ఎవరి దగ్గరా, ఆ మాట ఎత్తలేదు. పెద్దతనంలో మతి తప్పి అలా అందని మా చుట్టాలందరూ ఇప్పటికీ అనుకుంటున్నారు. తప్పలేదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇది రాయడానికి సగం కారణం అదే.

ఆ సినిమా తర్వాత కూడా చాలాసార్లు చూశాను. ఒక్కదాన్నే, పట్టపగలు, సౌండ్ పెద్దగా పెట్టి. ఆ చోటు దగ్గర ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. రెండో దెబ్బ మళ్ళీ ఎప్పుడూ పడలేదు. ఆ రోజు ఎలా పడిందో నాకు తెలియదు. మావయ్య నన్ను వెతుక్కుంటూ వచ్చాడనుకుంటే కాసేపు ఊరటగా ఉంటుంది. నేను రాలేదు కాబట్టే తనే రావాల్సి వచ్చిందని వెంటనే అనిపిస్తుంది. అప్పుడు ఊరట ఉండదు.

ఆ పొద్దున ఫోన్లో "వస్తున్నా మావయ్యా, మధ్యాహ్నం రైలుకే వస్తున్నా" అన్నాను. అవతల నుంచి మాట ముద్దగా వచ్చింది, కానీ నాకు పూర్తిగా అర్థమైంది.

"తొందరేం లేదులేవే అమ్మడూ. అన్నం తినేసి రా."