అప్ప కడిగిన కర్ర

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందే చెప్పేస్తాను. అతను హాకీ ఆడుతుంటే నాకు కళ్ళు తిప్పుకోబుద్ధయ్యేది కాదు. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని, ఆ మాట మాత్రం అందులో కూడా రాసుకోలేదు. బంతి అతని కర్రకి అంటుకుపోయినట్టు వచ్చేది. ఎదుటివాళ్ళు మీదికి వచ్చినా తొందరపడేవాడు కాదు. ఒంటి బరువంతా ఎడమవైపు వేసి, వాళ్ళు అటు కదిలాక కుడిపక్క నుంచి వెళ్ళిపోయేవాడు. పరుగులో ఉన్న మనిషికి అంత నిదానం ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. మేడమీద మా సెక్షన్ కిటికీలోంచి గ్రౌండు కనబడేది. టైపు మిషన్లో కాగితం మార్చే వంకతో చూసేదాన్ని.

ఆ మనిషి మీద హత్య కేసు నడిచింది. కోర్టు వదిలేసింది. చనిపోయినవాడి భార్య మా సెక్షన్లోనే, నా బల్ల పక్కన స్టూలు మీద కూచునేది.

హార్బరు ఒడ్డున ఉన్న ఆఫీసు మాది. డెబ్బైల చివర్లో నేను టైపిస్టుగా చేరాను. నాన్న అక్కడే హెడ్ క్లర్కు, ఆఫీసు హాకీ టీముకి మేనేజరు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చి, కుర్రతనంలో ఆ టీముకే గోల్‌కీపరుగా ఆడి, మోకాలు పోగొట్టుకున్నాడు. నాకు నలుగురిలో నోరు పెగలదు. సొరుగులో లైబ్రరీ పుస్తకం పెట్టుకుని, మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండానే అందులో పడిపోయేదాన్ని. అప్పుడు నా దగ్గరికొచ్చి మాట్లాడే మనిషి ఆవిడ ఒక్కర్తే.

"ఏటి పాపా, మల్లీ పుస్తకంలో ములిగిపోనావా? ఆ కతలోవోలు నీకు అన్నం ఎడతారేటి?"

ఆవిడని అందరూ అప్ప అనేవాళ్ళు, అక్క అని. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. మల్కాపురంలో అద్దె గదిలో కూతురితో ఉండేది. భర్త మా ఆఫీసులోనే సరుకు మోసే కళాసీ. రెండు యూనియన్ల మధ్య గొడవ ముదిరి డాక్ గేటు ముందు కొట్టుకున్న రోజున తలకి దెబ్బ తగిలి, ఆస్పత్రిలో పోయాడు. ఆ గుంపులో ఈ హాకీ ఆటగాడూ ఉన్నాడు. అప్పటికి డాక్‌లో రోజుకూలీ, సాయంత్రాలు ఏదో క్లబ్బుకి ఆడేవాడు. ఆ రోజు ఆటకి వెళ్తూ చేతిలో హాకీ కర్రతో ఉన్నాడు. ఇంత మాత్రం అందరూ ఒప్పుకునేదే. ఆ పైన ఏం జరిగిందో ఎవరి మాట వాళ్ళది. పోలీసులు అతనితో కలిపి పట్టుకున్న నలుగురిలో ఎవరి దెబ్బకి మనిషి పోయాడో తేల్చలేమని చెప్పి కోర్టు అందర్నీ వదిలేసింది. చూశామన్నవాళ్ళు కోర్టులోకి వచ్చేసరికి చూడలేదన్నారు. అప్ప ప్రతి వాయిదాకీ వెళ్ళేది. మర్నాడు వచ్చి, "ఏటీ నేదు పాపా, మల్లీ వాయిదా ఏసినారు" అని గ్లాసులు కడుక్కునేది. తీర్పు వచ్చిన మర్నాడు గ్లాసులు మాత్రం కడుక్కుంది.

భర్త పోయినందుకు ఆవిడకి మా సెక్షన్లో అటెండరు ఉద్యోగం ఇచ్చారు. మా ఆఫీసులో పరీక్ష రాయకుండా వచ్చేవాళ్ళు రెండు రకాలు. మనిషి పోతే ఇంట్లోవాళ్ళకిచ్చేది ఒకటి, ఆటగాళ్ళకిచ్చేది ఒకటి. ఆటగాళ్ళు పొద్దున్నే సంతకం పెట్టి, టీ తాగి, గ్రౌండుకి పోయేవాళ్ళు.

అతన్ని మన టీములోకి తీసుకుంటారట అనే మాట ముందు క్యాంటీన్లో పుట్టింది. ఆ వారమంతా టీ వేళ అదే గొడవ.

"ఫార్వర్డ్ నేక ఏటేటా ఓడిపోతన్నాం బావా. గోల్ కొట్టీవోడికి కేరెట్టర్ సర్టిఫికెట్ ఎందుకు?" అన్నాడు డిస్పాచ్ గుమాస్తా.

"రేపు నీ పక్క కోటర్సు ఆడికిచ్చినారనుకో, అప్పుడడుగుతాను నిన్ను," అన్నాడు స్టోర్స్ ఆయన.

"కోర్టు ఒగ్గేసినాక నీకేటి? నువ్వేటి జడ్జీవా?"

"నాను జడ్జీని కాదు బావా. ఆ తల్లి ఇక్కడే నీల్లిస్తాది గదా, అది సెప్తన్నాను."

"ఆడు మనకొద్దంటే ఉక్కు ఫ్యాక్టరీ వోలు పట్టుకుపోతారు. ఆల్లింకా గోడలే కట్టనేదు గానీ టీము కట్టేస్తన్నారు!"

అందరూ నవ్వారు. అప్ప ట్రేతో లోపలికి రాగానే నవ్వు ఆగిపోయింది. స్టోర్స్ ఆయన గబగబా క్రికెట్ సంగతి ఎత్తాడు. ఆవిడ గ్లాసులు పెట్టి, "ఆపేసినారేటి, సెప్పుకోండి," అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర నేను నాన్నని అడిగాను. ఆయన పని గురించి నేను నోరెత్తడం అదే మొదలు.

"అతన్ని తీసుకోకపోతే ఏం నాన్నా?"

నాన్న ముద్ద పళ్ళెంలోనే వదిలేసి నా వంక చూశాడు. కోప్పడలేదు. కోప్పడితే నాకు కాస్త నయంగా ఉండేది.

"తీసుకోకపోతే ఏమని చెప్పి తీసుకోవద్దంటావే? తప్పు చేశాడని చెప్పాలా? చేశాడని ఎవరూ అనలేదు. పోనీ చెయ్యలేదని చెప్పి తీసుకోవాలా? అదీ ఎవరూ అనలేదు. కోర్టు వదిలేసినవాణ్ణి మనం పట్టుకుంటే ఇంక కోర్టు ఎందుకమ్మా? విచారణ ఖైదీగా ఏడాది పైన జైల్లో ఉన్నాడు. వాడికీ తల్లుంది."

"మరి అప్పో?"

 నాన్న ముద్ద మళ్ళీ కలుపుతూ, "నాకూ అదే తోచడం లేదు," అన్నాడు. 

"పోనీ, వేరే సెక్షన్లో వెయ్యకూడదా?"

నాన్న ముందే అడిగాడట. ఆటగాళ్ళందరూ మేనేజరు కింద ఒకే సెక్షన్లో ఉండాలని పై ఆఫీసరు పద్ధతి చెప్పాడట. పోనీ అప్పని మారుద్దామని ఆ ఆఫీసరంటే, "ఆవిణ్ణెందుకు మార్చాలి, ఆవిడేం చేసింది?" అని నాన్నే వద్దన్నాడట. ఆలోచిస్తే ఆ మాటా నిజమే. అన్నీ నిజాలే. ఏ నిజం పట్టుకున్నా అప్పకి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

అతన్ని ఉద్యోగంలోకి తీసుకునే ఆర్డరు టైపు చేయడానికి నా బల్ల మీదికే వచ్చింది. నేను కాదంటే పక్క బల్ల ఆవిడ చేస్తుంది. చేశాను. అప్ప పక్కనే స్టూలు మీద కూచుని చింతపండులో గింజలు తీస్తోంది. ఆవిడకి చదువు రాదు. "ఎవరిది పాపా?" అంది. నేను కాగితం మిషన్లోంచి లాగి బోర్లా పెట్టాను. ఆవిడ నా మొహం చూసి మళ్ళీ చింతపండు అందుకుంది.

అతను చేరిన రోజున మా సెక్షనంతా తలలు వంచుకుని పని చేసింది. పొడుగ్గా, నల్లగా, మెడ వంచుకుని నడిచే మనిషి. తర్వాత గ్రౌండులో చూసినప్పుడు, ఆ మనిషేనా ఇతను అనిపించింది. అప్ప ట్రే పట్టుకుని అందరికీ మంచినీళ్ళిచ్చుకుంటూ వచ్చి, అతని బల్ల మీద కూడా ఒక గ్లాసు పెట్టింది. అతను ముట్టుకోలేదు. కాసేపటికి లేచి వరండాలో కుళాయి దగ్గరికెళ్ళి దోసిలి పట్టి తాగొచ్చాడు. రోజూ అంతే. ఆవిడ పెడుతుంది, అతను కుళాయి దగ్గరికి వెళ్తాడు, ఆవిడ నిండు గ్లాసు వెనక్కి తెస్తుంది.

"సూసినావా పాపా," అంది ఒకరోజు. "నా సేతి నీల్లు తాగడు. సెయ్యనోడైతే తాగడా? సేసినోడైతే మాత్రం, అంత సిగ్గుంటాదా? నాకేటీ తెలీడం నేదు."

"పెట్టడం మానెయ్ అప్పా."

"ఒక్కడికి మానేస్తే నాను కోర్టు కంటే పెద్దదాన్నయిపోనా?"

ఇంకో రోజు, గ్లాసులు తుడుస్తూ, నాతో కాదన్నట్టు అంది: "ఆడ్ని ఉరితియ్యమని నాననడం నేదు. ఉజ్జోగం తీసీమని కూడా అనడం నేదు. మా ఆయన్ని ఎవడు కొట్టినాడో సెప్పీమను. ఒక మనిసి గుర్తుంటే, ఆడి మీద ఏడ్సుకుంతాను. ఇప్పుడు రోడ్డు మీద ఎవుల్ని సూసినా ఆడేనేమో అనిపిస్తంది. ఇతన్ని సూస్తే ఇతనేమో అనిపిస్తంది, కాడేమో అనిపిస్తంది. రోజూ పొద్దున్న పదికి వొచ్చి నా ముందర కూకుంతాడు."

నేను చదివిన పుస్తకాల్లో ఇలాంటి చోట ఎవరో ఒకరు ఒక మాట అంటారు. నేను మాత్రం గ్లాసొకటి తీసుకుని తుడిచాను.

దసరా వచ్చింది. మా ఆఫీసులో ఆయుధ పూజ బాగా చేసేవాళ్ళు. క్రేన్లకీ లారీలకీ దండలు వేసేవాళ్ళు. మా సెక్షన్లో టైపు మిషన్లు, పంచింగ్ మిషన్లు, చివరికి టీ కెటిల్ దాకా అన్నిటికీ పసుపు కుంకుమ. టీము కర్రలన్నీ కూడా పూజలో పెట్టడం నాన్న ఆడే రోజుల నుంచి వస్తున్న ఆచారం. పూజ సామాను కడగడం అటెండరు పని. అప్ప భర్త పోయిన మనిషి కనక పసుపు కుంకుమ పెట్టనివ్వరు, కడగడం వరకే. ఏటా ఆవిడ కడిగి ఇస్తే, పెళ్ళికాని పిల్లనని నా చేత బొట్లు పెట్టించేవాళ్ళు. పొద్దున్నే ఆవిడే పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి బంతిపూలు తెచ్చింది.

నాన్న స్టోరు తలుపు తీసి, కర్రలన్నీ కట్టగా తెచ్చి, కుళాయి దగ్గర అప్ప ముందు పెట్టేశాడు. ఏటా పెట్టినట్టే పెట్టాడు. పెట్టి, పూల లెక్క చూసుకోడానికి వెళ్ళిపోయాడు. అందులో అతని కర్ర కూడా ఉందని ఆయనకి గుర్తే లేదు. మా నాన్న చెడ్డవాడైతే ఆ పని అలా చేసి ఉండడు.

అప్ప ఒక్కొక్క కర్రే కడిగి నాకిస్తోంది. నేను తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి గోడకి ఆనిస్తున్నాను. ఆటగాళ్ళు ఎవరి కర్ర పట్టు మీద వాళ్ళు గుర్తుగా రంగు టేపు చుట్టుకునేవాళ్ళు. ఎర్ర టేపు కర్ర చేతికొచ్చాక ఆవిడ ఆగింది. అది అతనిదని మా ఇద్దరికీ తెలుసు. రోజూ స్టోరులోంచి తెచ్చుకుని అతను తన కుర్చీ వెనక ఆనించుకునేదే.

నేను చెయ్యి చాపాను. "దాన్ని నేను కడుగుతాలే అప్పా."

ఆవిడ ఇవ్వలేదు. అంతలో వరండా చివరి నుంచి అతను పరిగెత్తుకుంటూ వచ్చాడు. కర్రలు ఎక్కడికి పోయాయో ఎవరో చెప్పినట్టున్నారు.

"అప్పా, అది నాను కడుక్కుంతాను. ఇచ్చీ."

అతను ఆవిడతో మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. ఆవిడ తలెత్తకుండా అడిగింది.

"ఈ కర్రేనా?"

అతను చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కుళాయి అలాగే పారుతోంది.

"కాదప్పా," అన్నాడు. "అది కోర్టులోనే ఉండిపోనాది."

అంతే. ఆ మాటకి అర్థమేమిటో నేను ఇప్పటికీ ఆలోచిస్తాను. కర్ర ఎక్కడుందో చెప్పాడా, ఆ కర్రతో ఏం జరిగిందో చెప్పాడా? అడిగినదానికి జవాబు చెప్పిన మనిషి, చెప్పకుండా తప్పించుకున్న మనిషి, ఇద్దరూ అవే మాటలు అంటారు.  ఆవిడ ఆ కర్రని కడిగింది. వంపులో ఎండిపోయిన ఎర్రమట్టిని గోటితో గీకి, మళ్ళీ కడిగి, నాకిచ్చింది.

"ఎట్టు పాపా, బొట్టెట్టు."

అతను చూస్తుండగానే నేను పసుపు రాసి బొట్టు పెట్టాను. పెట్టకుండా ఎలా ఉండగలనో నాకు తోచలేదు.

పూజ అయ్యాక సంగతి తెలిసి అందరూ అప్పని మెచ్చుకున్నారు. పెద్ద మనసు అన్నారు. డిస్పాచ్ గుమాస్తా, "సూసినావా బావా, ఆ తల్లే ఒగ్గేసింది, ఇంక మనకేటి?" అని స్టోర్స్ ఆయన భుజం తట్టాడు. నాన్న మాత్రం వచ్చి, నుంచుని, "నాకు గుర్తులేదమ్మా, నిజంగా గుర్తులేదు," అన్నాడు ఆవిడతో. ఆవిడ "పోన్లెండి బాబూ" అంది.

సెలవులయ్యాక అప్ప నాన్న దగ్గరికెళ్ళి, తనని గోడౌన్ల వైపు వేసెయ్యమంది. అక్కడ ఊడ్చే పని. ఎండ, దుమ్ము, కూచోడానికి స్టూలు కూడా ఉండదు. నాన్న ఎంతో చెప్పి చూశాడు. కావాలంటే అతన్నే ఎలాగో మారుస్తానని కూడా అన్నాడు. అది తన చేతిలో లేదని ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. కింద పనికి దిగుతానంటే మాత్రం ఏ పై ఆఫీసరూ అడ్డు చెప్పలేదు. ఆ కాగితం కూడా నేనే టైపు చేశాను.

మా సెక్షన్లో ఆఖరి రోజు ఆవిడతో పాటు బస్టాపు దాకా నడిచాను. గ్రౌండులో ఆట జరుగుతోంది. అరుపులు వినిపిస్తున్నాయి. ఇద్దరం అటు చూడలేదు. తర్వాత అప్పని నేను చూడలేదు. గోడౌన్ల నుంచి కూడా మానేసి కూతుర్ని తీసుకుని పుట్టింటి ఊరు వెళ్ళిపోయిందని ఎవరో అన్నారు. అతను ఆ ఏడూ, పై ఏడూ మాకు ఆడాడు. అప్ప ఏదని ఎవర్నీ ఎప్పుడూ అడగలేదు.

ఆ సాయంత్రం మల్కాపురం బస్సు వచ్చింది. నేను ఆవిడ సంచి అందించాను. ఆవిడ మెట్టెక్కి, కడ్డీ పట్టుకుని, వెనక్కి తిరిగి నాతో అంది:

"ఆడడిగితే, నాకు పెమోసనొచ్చిందని సెప్పు పాపా."